బుల్లబ్బాయి గారి తల మీద ఖాళీ

నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజలో సగం అబద్ధమున్నా రేపట్నుంచి నా కాఫీలో పంచదార వెయ్యకు అమ్మడూ. అంతకన్నా పెద్ద ఒట్టు నాకు తెలీదు. ప్రతి ముక్కా నిజం. ఎక్కడైనా అనుమానం వస్తే అది నీ చెవి తప్పు, నా నోటి తప్పు కాదు.

మన పాలకొల్లులో కాసుబాబని ఒకడున్నాడు. బస్టాండు పక్కన వీరలక్ష్మి గారి ఫ్లెక్సుల కొట్లో డిజైనరు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, పెళ్లిళ్లు, పోయినవాళ్లకి శ్రద్ధాంజలులు, అన్నీ వాడి చేతి మీదుగానే. జిల్లాలో వాడు దండ వెయ్యని పీనుగ లేదు, గులాబీలు అతికించని పెళ్లికూతురు లేదు.

అయితే వాడి ప్రాణమంతా కెమెరాలో ఉంది. సెలవు దొరికితే చాలు, కాలవ గట్ల మీదా కొబ్బరి తోటల్లోనూ పడి తిరిగేవాడు. వాడు ఫొటో తీస్తే గానీ మా వీధి కాకులు ఎగిరేవి కావు.

ఆదివారం ఆదివారం దేవసహాయం మాస్టారి దగ్గరికి వచ్చేవాడు. మాస్టారి స్టూడియో మా ఎదురుగానే కదా. ఈ ఊళ్లో మూడు తరాల మొహాలు ఆయన చేతిలోంచి వచ్చినవే. శిష్యులు బోలెడుమంది. పాఠం మాత్రం ఎవరూ విన్నట్టు చెప్పరు. ఆయన నోట్లోంచి ఒక మాట రావాలంటే గోదారికి రెండు వరదలు రావాలి.

ఈ శిష్యుడు దానికి సరిగ్గా వ్యతిరేకం. వాడికి కోపమొస్తే వీధిలో పాలు పొయ్యి లేకుండానే పొంగేవి.

ఒక ఆదివారం వాడు చెప్పులు కూడా విప్పకుండా స్టూడియోలోకి దూసుకొచ్చాడు.

"మాస్టారూ, నేను ఇద్దరినండి. కొట్లో ఒకణ్ణి, ఇక్కడ ఒకణ్ణి. వారమంతా దండలూ దీపాలూ అతికించిన చేత్తో కెమెరా పట్టుకుంటుంటే నాకే అసహ్యంగా ఉంది. ఆ డిజైనరు వెధవ బతికున్నంతకాలం ఈ ఫొటోగ్రాఫరు బాగుపడడండి. ఉద్యోగం మానేస్తాను."

మాస్టారు లెన్సు తుడుస్తున్నారు.

"మీ అమ్మకి చెప్పావా?"

"చెప్పానండి. అన్నం పెట్టడం మానేసింది."

"వీరలక్ష్మి గారికి?"

"ఆవిడ నా మీదకి కత్తెర విసిరారండి. రేపు కాక పై సోమవారం పొద్దున్నకి తేల్చమన్నారు. పోయేవాణ్ణయితే మళ్లీ గుమ్మం తొక్కొద్దన్నారు. నేను తొక్కితే కదా! మీరు సరేనంటే చాలండి."

మాస్టారు లెన్సు తుడుస్తూనే ఉన్నారు. అది అరిగి చిల్లిగవ్వ అయిపోతుందేమోనని నాకే భయమేసింది.

"ఇద్దరన్నావుగా," అన్నారు చివరికి. "అందులో ఫొటోగ్రాఫరు ఒక్కడే తీసిన ఫొటో ఒకటి తెచ్చి బయట కట్టు. చూశాక చెప్తాను."

"కడతానండి. దాని మీద అక్షరం ముక్క ఉంటే చేతులు నరుక్కుంటాను," అన్నాడు వాడు.

చెప్పినట్టే శనివారం సాయంత్రం తెచ్చాడు. ఎవరి ఫొటో అనుకున్నావు? మన కొబ్బరికాయల బుల్లబ్బాయి గారిది. తోటలో ఉండగా తీశాడట. అంత పెద్ద ఫొటో కాగితం మనూళ్లో ఎక్కడ దొరుకుతుంది? అందుకని కొట్లో మిషను మీదే, ఫ్లెక్సు మీదే కొట్టించుకుని, రెండు వెదురు బొంగులకి కట్టి, స్టూడియో ముందు నిలబెట్టాడు. తాటిచెట్టుకి తమ్ముడిలా ఉంది.

ఫొటో బాగుందమ్మడూ, కాదనకూడదు. బుల్లబ్బాయి గారు తల కాస్త పైకెత్తి చూస్తున్నారు. కళ్లల్లో చెమ్మ మెరుస్తోంది. వెనకంతా తెల్లటి మబ్బులు. తల మీద ఇంత ఖాళీ. అక్షరం లేదు, పువ్వు లేదు. కాసుబాబు దాన్ని చూసుకుని మురిసిపోయి ఇంటికెళ్లిపోయాడు.

తెల్లారింది. పాలవాడు సైకిలాపి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు.

"ఎప్పుడు పోయారంటావ్?" అన్నాడు వెనకొచ్చిన పేపరాయనతో.

"రాత్రే కాబోలు. మంచాయన పాపం."

"మంచాయనని నువ్వెప్పుడన్నావ్? నిన్న కూడా తిట్టావు కదా."

"నిన్న బతికున్నాడు కదండీ!"

నీకు తెలుసు కదా, మనూళ్లో ఒక మనిషి మబ్బుల ముందు నిలబడి పైకి చూస్తున్నాడంటే, తల మీద అంత ఖాళీ ఉందంటే, అక్కడ ఏం రాసుంటుందో చదువు రానివాళ్లకి కూడా తెలుసు. 'శ్రద్ధాంజలి' అని రాయకపోయినా చదివేశారు. కాసేపటికి ఫ్లెక్సుకి ఒక దండ పడింది. దాని మీద ఇంకోటి. నరసాపురం బస్సు ఆగిపోయి, డ్రైవరు దిగి దణ్ణం పెట్టాడు. బస్సులో ఉన్న యాభై వేలమందీ కళ్లు తుడుచుకున్నారు.

కబురు ఆ బస్సుకన్నా ముందే నరసాపురం చేరింది. ఆయన చెల్లెలు కనకమాలక్ష్మి ఆటో కట్టించుకుని, దారిపొడుగునా ఏడుస్తూ వచ్చి, అన్నగారి గుమ్మంలో కూలబడింది. బుల్లబ్బాయి గారు పెసరట్టు తింటున్నారు.

"ఏంటే, ఎవరు పోయారు?" అన్నారు నములుతూ.

ఆవిడ కెవ్వుమని స్పృహ తప్పింది. తేరుకున్నాక, బతికున్నందుకు ఆయన్ని చెడామడా తిట్టింది. ఆటోలో పడి ఏడ్చిన ఏడుపంతా దండగేనా అంది.

ఇంకేముంది. పెసరట్టు సగంలో వదిలేసి, చేతికర్ర తీసుకుని బయల్దేరారు బుల్లబ్బాయి గారు. వెనకాల చెల్లెలు. ఆయన్ని చూసి దార్లో ఒకాయన సైకిలు వదిలేసి పరిగెత్తాడు. ఇంకొకావిడ ఇంట్లోకి పారిపోయి తలుపేసుకుంది. ఒక్కో ఇల్లు దాటేకొద్దీ ఆయన కోపం ఒక్కో మూర పెరిగింది. మా వీధికొచ్చేసరికి మనిషి కనపడలేదు, కోపమే నడిచొచ్చింది.

"ఏడిరా ఆ కాసుగాడు! నన్ను చంపినవాడేడి?"

కాసుబాబు స్టూడియోలోంచి బయటికొచ్చాడు. దండలు చూసి అప్పటికే వాడూ ఉడికిపోతున్నాడు.

"నేనేం చేశానండీ? ఎక్కడన్నా ఒక్క అక్షరం రాశానేమో చూపించండి! ఊరికి ఫొటో చూడ్డం రాకపోతే నాదా తప్పు?"

"ముందు పీకరా దాన్ని!"

"పీకనండి! నా జన్మలో ఇంత మంచి ఫొటో తియ్యలేదు."

"నా జన్మే అయిపోయింది కదరా దీంతో! ఆకాశం కేసి చూస్తున్నట్టు ఎందుకు పెట్టావురా నన్ను?"

"మీరే చూశారండి. ఎంత శాంతంగా ఉన్నారో చూసుకోండి!"

"శాంతమా?" ఆయన కర్ర నేలకేసి కొడితే మా వంటింట్లో డబ్బాలు దొర్లిపోయాయి. "పైన చెట్టెక్కి కాయలు దింపే వెంకన్న లేతగెల మీద కత్తి పెడితే వాణ్ణి తిట్టబోతూ ఊపిరి పీల్చుకుంటున్నానురా! పొద్దు కళ్లల్లో పడి నీళ్లొచ్చాయి. అవునొరే, చెట్టేది?"

"ఆకులు అడ్డమొచ్చాయండి."

"వస్తే?"

"తీసేశాను."

"చెట్టుని?"

"కంప్యూటర్లో అండి. శుభ్రం చేసి మబ్బులు పెట్టాను."

"నలభై ఏళ్ల చెట్టురా అది! మా నాన్న పాతిన చెట్టు!"

ఆయన ఫ్లెక్సు మీదకి కర్రెత్తారు. వాడు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. కొడితే నన్ను కొట్టండి, ఫొటోని ముట్టుకుంటే ఊరుకోనన్నాడు. కనకమాలక్ష్మి ఇద్దరినీ కలిపి తిడుతోంది. వీధిలో కుక్కలన్నీ మొరగడం మానేసి వింటున్నాయి. నేను చెప్తున్నా విను, ఆ రోజు ఆ వీధిలో ఒక అప్పడం పెట్టి ఉంటే దానంతటదే వేగిపోయేది.

అప్పుడు దేవసహాయం మాస్టారు లోపల్నుంచి వచ్చారు. ఒక చేతిలో స్టూలు, ఇంకో చేతిలో నల్లరంగు డబ్బా, కుంచె. ఫ్లెక్సు ముందు స్టూలు వేసుకుని, మెల్లిగా ఎక్కి, దండలు ఒక పక్కకి నెట్టి, బుల్లబ్బాయి గారి తల మీదున్న ఖాళీలో కుంచె పెట్టారు.

'శ' అని రాశారు.

"మాస్టారూ, మీరు కూడానా!" అన్నారు బుల్లబ్బాయి గారు. ఆయన గొంతు మొదటిసారి పీలగా వచ్చింది.

మాస్టారు ఆ 'శ' కింద ఒక వంకర కొక్కెం తగిలించారు. ఫొటోలు ఎంత బాగా తీస్తారో అక్షరాలు అంత ఘోరం ఆయనవి. అది 'శ్ర'లా లేదు, చేపల వలలో చిక్కిన పీతలా ఉంది. రంగు కారి ఆయన కనుబొమ్మ మీదకి జారుతోంది.

కాసుబాబు మొహం కందగడ్డయింది. పళ్లు నూరాడు. పిడికిళ్లు బిగించాడు. ఇంక ఉండబట్టలేకపోయాడు.

"ఆపండి మాస్టారూ! అక్కడ కాదు!"

కుంచె ఆగింది. "మరెక్కడ?"

"ఇంకా పైకండి. జానెడు ఎడం పక్కకి. అంత లావు పనికిరాదు, మొహాన్ని మింగేస్తుంది. అక్కణ్ణించి మొదలుపెడితే ఆఖరి అక్షరం సరిగ్గా ఆ చెవి మీదకొచ్చి ఆగాలి. దానికోసమే కదండీ అక్కడ అంత..."

వాడి వేలు గాల్లోనే ఉండిపోయింది.

వీధంతా వాడి వేలి వైపు చూసింది. వాడూ చూసుకున్నాడు, అది ఇంకెవరిదో అయినట్టు.

మాస్టారు స్టూలు మీంచే వెనక్కి తిరిగారు.

"ఇది తీసినప్పుడు నువ్వొక్కడివే ఉన్నావా కాసుబాబూ?"

అంత నోరున్నవాడు గుటక మింగిన చప్పుడు నాకు మా అరుగు మీదికి వినిపించింది.

మాస్టారు దిగి కుంచె వాడికి అందించారు.

"ఖాళీ నువ్వు వదిలావు. మాట ఊరికి వదిలేశావు," అన్నారు.

అంతే. ఆ ఏడాదికి ఆయన మాటలు దాదాపు అయిపోయినట్టే.

కాసుబాబు కుంచె అందుకున్నాడు. తర్వాత కిరసనాయిలు గుడ్డ తెచ్చి ఆ పీతని తుడిచేశాడు. దండలు తీసి, మడిచి, అరుగు మీద పెట్టాడు. బుల్లబ్బాయి గారి వైపు తిరిగాడు. చూపు మాత్రం నేల మీదే ఉంది.

"ఆ రోజు వెంకన్నని ఏమని తిట్టారండి?"

"నీకెందుకురా?"

"చెప్పండి బాబాయి గారూ."

ఆయన ఛాతీ నిండా ఊపిరి పీల్చారు. తల పైకెత్తారు. అచ్చం ఫొటోలో ఉన్నట్టే.

"ఒరే వెంకన్నా! లేతగెల ముట్టుకున్నావంటే దిగాక చెప్తా నీ పని!"

కాలవ అవతల తోటలో ఎవరో "ఆయ్, ముట్టుకోలేదండీ!" అని అరిచారు. నిజంగానే అరిచారమ్మడూ, అలా చూడకు.

కాసుబాబు స్టూలెక్కాడు. ఇంకా పైకి, జానెడు ఎడం పక్కకి జరిగి, సన్నగా, ఒత్తుగా, కోపంగా రాశాడు. ఆఖరి అక్షరం సరిగ్గా చెవి మీదకొచ్చి ఆగింది.

'ఒరే, లేతగెల ముట్టుకున్నావంటే!'

వాడు దిగి పక్కకి తప్పుకున్నాడు. జనం చదివారు. చదివి, ఒకళ్ల తర్వాత ఒకళ్లు తలలెత్తి ఫ్లెక్సు పైకి చూశారు, అక్కడ చెట్టు మీద ఎవరున్నారా అని. చెట్టు లేదు, వెంకన్న లేడు, కరెంటు తీగ మీద ఒక కాకి ఉంది. అయినా చూశారు. నేనూ చూశాను.

కనకమాలక్ష్మి ముక్కు చీదుకుని, "ఆఁ, ఇప్పుడు మా అన్నయ్యలా ఉన్నాడు," అంది.

బుల్లబ్బాయి గారు మాత్రం ఏమీ చల్లబడలేదు. "చెట్టు సంగతి తర్వాత తేలుస్తాను నీతో," అని కర్ర ఝళిపించి వెళ్లిపోయారు. మిగిలిన పెసరట్టు చల్లారిపోయిందని ఇంట్లో మళ్లీ గొడవైందట, అది వేరే సంగతి.

మర్నాడు సోమవారం. పొద్దున్నే కాసుబాబు స్టూడియోకి వచ్చాడు. మాస్టారు సరేనన్నారో కాదన్నారో వాడికింకా తెలీదు. అడగనూ లేదు. ప్రతి సోమవారం కొట్టుకెళ్లే ముందు కెమెరాని మాస్టారి బీరువాలో పెట్టి వెళ్లడం వాడికి అలవాటు. ఆ కొట్టు గాలి దానికి తగలకూడదని వాడి పట్టింపు. ఆ రోజూ పెట్టబోయాడు.

మాస్టారు వచ్చి బీరువా తలుపు మూసేశారు.

"అక్కడికే పట్టుకెళ్లు," అన్నారు.

వాడు కెమెరా మెళ్లో తగిలించుకుని బస్టాండు పక్క కొట్టుకి నడిచాడు.

ఏంటా నవ్వు? నమ్మలేదు కదూ! లే, ముందు లే. బుల్లబ్బాయి గారి కొట్టుకెళ్లి రెండు ముదురు కాయలు పట్రా, పచ్చడి రుబ్బాలి. ఆయన్ని చూసి ఎలా ఉన్నారండీ అని మాత్రం అడక్కు. ఆ మాట వింటే ఇప్పటికీ కర్ర తీస్తారు.