దండనాయకుని తాళంచెవి

కత్తికంటె పెట్టెకే మర్యాద ఎక్కువైన ఒకానొక రాజ్యంలో, రాజు మొదలు కొలువువారందరికీ దండయాత్రలకై ఒకే కమ్మరి చేసిన ఇనుపపెట్టెలుండేవి. తాళం పెట్టెలోనే ఇమిడి ఉండేది. ఆ కమ్మరి ఏనాడో కాలం చేశాడు. ఒకనాడు దండనాయకుడు మాచినాయుడు తన తాళంచెవిని పోగొట్టుకొని, పెట్టె మోసే పోలయ్యపై నింద మోపాడు.

“మహాప్రభూ! ఈ పెట్టెను తెరిచే తాళంచెవి భూలోకంలో ఒక్కటే. అది ఎవని వద్ద ఉంటే వాడే దొంగ. వీడి చేయి నరికించండి!”

అయితే దండు విడిదిలో దొరలు పొరపాటున ఒకరి పెట్టె నొకరు తెరవడం పోలయ్య చూసినవాడే.

“దొరవారి మాట వేదవాక్కు. నన్ను సోదా చేయించండి ప్రభూ. అలాగే కొలువువారి తాళంచెవులూ ఈ పెట్టెకు ఒక్కసారి పెట్టి చూడనీయండి.”

రాజు సరేనన్నాడు. పోలయ్య వద్ద ఏ తాళంచెవీ దొరకలేదు. మంత్రి తాళంచెవికి పెట్టె కిర్రున తెరుచుకొన్నది. మళ్ళీ మూసి చూస్తే సేనాపతి తాళంచెవికీ తెరుచుకొన్నది, పురోహితుని దానికీ అంతే!

“దొంగలు దొరికారు ప్రభూ! ముందుగా ఏ దొరగారి చేయి నరికిస్తారు?” అని పోలయ్య వినయంగా అడిగాడు.

“చాలు, చాలు! పోలయ్య నిర్దోషి. మాచినాయుడా, మంత్రిగారిది చూపి మరొకటి చేయించుకో!” అంటూ రాజు తన మొలనున్న తాళంచెవిని మెల్లగా ఉత్తరీయం చాటుకు తోసుకొన్నాడు.