మోకు పట్టుకున్న రాకుమారుడు

నా కథల్లో రాకుమారుడి ముక్కు ఎప్పుడూ నా ముక్కులాగే ఉంటుంది. ఇందులో గొప్పేం లేదు, పొదుపు ఉంది. కొత్త ముక్కు ఊహించే శ్రమ మిగులుతుంది కదా! మా ఇంటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. బడి మెట్లెక్కకుండా కథలు నేర్చుకున్నవాడికి ఆ మాత్రం ముక్కయినా ఉండాలి.

అనగనగా పగడాలరేవు అని ఒక రాజ్యం. దానికి వజ్రకేతు అని ఒక రాజు. ఆయనకు మణికేతుడని ఒక కొడుకు. ముక్కు సంగతి చెప్పేశాను.

ఆ రాజ్యంలో ఒక ఆనవాయితీ ఉండేది. పరాయి రేవు నుంచి ఏ పడవ వచ్చినా, దాన్ని కట్టే మోకు ఒక కొసను వచ్చినవాళ్ళు పట్టుకోవాలి. రెండో కొసను ఊళ్ళోవాళ్ళెవరైనా పట్టుకుని, "వీళ్ళ మంచిచెడ్డలకు నాది పూచీ" అనాలి. అన్నాకే కోట తలుపు తెరిచేవారు.

ఒక ఏడు వానల్లేవు. గింజలు తగ్గాయి. "పడవలవాళ్ళే తినేస్తున్నారు" అని ఎవడో అన్నాడు. ఆ మాట వీధివీధీ తిరిగింది. సాయంత్రానికి కాగడాలు లేచాయి. పడవలవాళ్ళ గుడిసెలు అంటుకున్నాయి. గాలి తిరిగి ఊరివాళ్ళ బెల్లం బజారూ అంటుకుంది. వాళ్ళూ వీళ్ళూ కలిసి కోట వైపు పరుగెత్తారు. తలుపు మూసి ఉంది. బాదారు, అరిచారు, తెరుచుకోలేదు. ఆ పొగలో పడిపోయినవాళ్ళలో కొందరు మళ్ళీ లేవలేదు.

మర్నాడు జనం అడిగారు: "గడియ ఎవరు వేయించారు?"

"దళపతిగారు వెయ్యమన్నారు" అన్నాడు కాపలావాడు.

"నాకు పైనుంచి చెప్పారు" అన్నాడు దళపతి.

"ఆ పూట నాకు జలుబు" అన్నాడు మంత్రి.

మణికేతుడు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడు.

చివరికి రాజు లేచాడు. "ఇదంతా ఏడు సముద్రాల అవతలున్న ధూమకేశుడనే మాంత్రికుడి పని! వాడు చచ్చేదాకా పడవలవాళ్ళు ఊరి బయటి ఇసుకదిబ్బ మీదే ఉండాలి!" ఏడు సముద్రాల అవతల అంటే ఒక సుఖం ఉంది, ఎవరూ వెళ్ళి కనుక్కోలేరు.

ఆ రోజునుంచి మణికేతుడికి కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే కునుకు లేదు. చెవుల్లో గడియ పడిన చప్పుడే. ఉండబట్టలేక దిబ్బ దగ్గరికి పోయాడు. అక్కడ పొన్నారి అనే పడవలవాళ్ళ పిల్ల గంజి కాస్తోంది. తలుపు బాది బాది బొబ్బలెక్కిన చేతులు.

"పున్నమికి పోటొస్తే ఈ దిబ్బ మునుగుతుంది బాబూ" అంది. "అప్పటికి మీ మాంత్రికుడు దొరుకుతాడా?"

"దొరుకుతాడు."

"దొరక్కపోతే?"

మణికేతుడు వాణ్ణి వెతకడానికి నీళ్ళలోకి దిగిపోయాడు.

ఒక ముసలి తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. "మేం ఏ ఒడ్డుకెళ్ళినా పూచీ అడిగేవాడు లేడు. మీకెందుకయ్యా ఇన్ని తిప్పలు?" అని సణుగుతూ ఉప్పు సముద్రం దాటింది, పాల సముద్రం దాటింది, మిగతావీ దాటింది.

ధూమకేశుడు దీవిలో అప్పడాలు ఎండబెట్టుకుంటున్నాడు. పక్కన పంజరం పట్టనంత లావు చిలక.

"నన్ను చంపడానికేనా నాయనా? అదిగో చిలక. నా ప్రాణం దాంట్లోనే ఉంది. ఎక్కడ ఏం తగలబడ్డా నా దగ్గరికే వస్తారు. ఈ మోకాళ్ళతో నేను ఏడు సముద్రాలు దాటగలనా, నువ్వే చెప్పు!"

"అంతా నీ పనే!" అని మణికేతుడు కత్తి దూశాడు. చిలక గుమ్మడికాయంత అయింది. "నీ పనే!" చిలక గంగాళమంత అయింది. "ముమ్మాటికీ నీ పనే!" చిలక దూడంత అయింది. కత్తి ఈకల్లో చిక్కుకుపోయింది.

"ఇంకోసారి అనవూ, ఆకలేస్తోంది" అంది చిలక.

ఒడ్డునుంచి తాబేలు కసిరింది. "దాన్ని మేపుతున్నది నువ్వేనయ్యా!"

మణికేతుడు కత్తి వదిలేసి ఇసకలో కూలబడ్డాడు. "గడియ వేయించింది నేనే" అన్నాడు. చిలక చటుక్కున కోడిపెట్టంత అయింది.

"తీసుకుపో" అన్నాడు ధూమకేశుడు. "చావనివ్వకు, చిక్కనివ్వు చాలు. మొయ్యలేక చస్తున్నాను."

అతను తిరిగొచ్చేసరికి పున్నమి సాయంత్రం. దిబ్బ మీద నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకున్నారు. కోట ముందు ఊరంతా నిలబడి చూస్తోంది.

"మాంత్రికుడి తల ఏదిరా?" అన్నాడు రాజు.

మణికేతుడు చిలకను చూపించాడు.

"ఈ పాపమంతా వాడిదే!" అన్నాడు రాజు. అందరి ముందూ చిలక పొట్టేలంత అయింది. జనం గుసగుసలాడారు.

మణికేతుడు మోకు విసిరి తన కొస పట్టుకున్నాడు. "ఆ రోజు గడియ వేయించింది నేనే. వీళ్ళ మంచిచెడ్డలకు నాది పూచీ." చిలక పిట్టంత అయింది.

పొన్నారి రెండో కొస అందుకోలేదు. "తలుపు మూసినవాడి పూచీ మాకెందుకు? నీకు పూచీ ఎవరు?"

నీళ్ళు నడుము దాకా వచ్చాయి. అప్పుడు బజారులో కొట్టు కాలిపోయిన బెల్లం సీతాలమ్మ ముందుకొచ్చింది. "నేనున్నాను. వీడు పారిపోతే చెవి పట్టుకు లాక్కొచ్చే పూచీ నాది. పట్టుకోవే పిల్లా, మునిగిపోతారు!"

పొన్నారి పట్టుకుంది. బొబ్బలు చితికినా వదల్లేదు. ఊరంతా కలిసి లాగింది. తలుపు తెరిచారు.

రాజు కిరీటం తీసి మెట్టు మీద పెట్టాడు. "వెయ్యమని వాడికి చెప్పింది నేను" అన్నాడు, ఎవరికీ వినబడనంత మెల్లగా. చిలకకు వినబడింది. గుప్పెడైపోయింది.

రాజు బెల్లం బజారు కట్టేచోట మట్టి మోశాడు. మణికేతుడు తలుపు దగ్గర కాపలాకు కూర్చున్నాడు. చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు "ఇక చాలు, లే" అనేదాకా లేవలేదు. లేచాక పొన్నారిని పెళ్ళాడతావా అని అడిగాడు. ఆమె సీతాలమ్మ వైపు చూసి, "ఈ పూచీ కూడా నీదేనా పిన్నీ?" అంది. పెళ్ళయింది. చాలాకాలం ఏలారు. చిలక సభలోనే ఉండేది. అది కాస్త ఒళ్ళు చేస్తే చాలు, సభలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

పెళ్ళి మర్నాడే రేవులోకి ఇంకో మూడు పడవలొచ్చాయట. ఆ ఏడూ గింజలు అంతంతమాత్రమే. "ఎన్ని పడవల్ని రానిచ్చారు?" అని మా పిల్లలు ప్రతిసారీ అడుగుతారు. గడియ వేయించినవాడు వేయించానని చెప్పాలి, అంతవరకు నాకు తెలుసు. తలుపు ఎంత తెరవాలో నేనింకా నేర్చుకోలేదు.