పెద్ద కోత

శిష్యులెవరైనా ప్రశ్న వేస్తే డాక్టర్ అహోబలరావు గారు కుర్చీలోంచి లేచేవారు. జవాబు వార్డులో ఎక్కడో ఉందన్నట్టు నడక సాగించేవారు. అడిగినవాడు వెనకే వెళ్లాలి.

ఆ ఉదయం అడిగినవాడు వినీల్. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా లోపలికి పంపి, పేగు క్యాన్సర్‌ను తీసే విద్య ఆయన దగ్గర నేర్చుకుంటున్న డాక్టరు. చెయ్యి బాగా తిరిగినవాడు. ఆ సంగతి తనకూ తెలుసు.

"సార్, కీహోల్‌తో మొదలుపెట్టి మధ్యలో పొట్ట కోయాల్సి వస్తే, అది ఓడిపోవడమేగా?"

ప్రశ్న దేవకుమారి గురించేనని ఇద్దరికీ తెలుసు. ఆమె ఆర్టీసీలో కండక్టరు. మలంలో రక్తం పడుతుంటే ఎవరికీ చెప్పుకోలేక, మొలలేలే అని సరిపెట్టుకుని, నెలల తరబడి టికెట్లు కొడుతూ తిరిగింది. చివరికి ఆసుపత్రికి వస్తే వినీల్ ధైర్యం చెప్పాడు. "పెద్ద కోత ఉండదమ్మా. చిన్న చిన్న గాట్లు, అంతే. పూచీ నాది."

తీరా ఆపరేషన్‌లో చూస్తే గడ్డ పక్కనున్న మూత్రనాళాన్ని కరుచుకుని ఉంది. వినీల్ తెర మీద చూస్తూ చాలాసేపు పెనుగులాడాడు. రక్తం ఊరి కెమెరాకు ఏమీ కనిపించకుండా పోయింది. "తెరువు" అన్నారు అహోబలరావు గారు. తెరిచారు. గడ్డ మొత్తం వచ్చింది, మూత్రనాళం దక్కింది. వినీల్‌కు మాత్రం అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. గురువుగారు మర్నాడే పొరుగూరు వెళ్లారు. ఆయన తిరిగొచ్చేదాకా వినీల్ జూనియర్లతో కట్టు మార్పించాడే గాని, ఆ మంచం దగ్గరికి పోలేదు. ఆ వార్డు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే వెనక మెట్లు ఎక్కాడు.

ఇప్పుడు గురువుగారు తిన్నగా ఆ మంచం దగ్గరే ఆగారు. దేవకుమారి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇడ్లీ ప్లేటు ముట్టినట్టు లేదు. పక్కన కూర్చున్న చెల్లెలు సుగుణ లేచి నిలబడింది.

"వచ్చారా సార్" అంది దేవకుమారి, వినీల్‌ను చూసి. గొంతులో కోపం లేదు. "ఇంటికి తీసుకుపొమ్మని మా చెల్లెలితో చెప్పేశాను. ఇక్కడ పోవడం నాకిష్టం లేదు."

"పోవడమేంటమ్మా?" అన్నాడు వినీల్.

"చిన్న గాట్లన్నారు. తెలివొచ్చి చూస్తే పొట్టంతా కట్టు. ఏమైందని అడిగితే కట్టు మార్చేవాళ్లు మీరే చెబుతారన్నారు. మీరేమో రాలేదు. తీయలేక మూసేశారనీ, ఆ మాట నాతో అనలేక తప్పించుకు తిరుగుతున్నారనీ అనుకున్నా." తనే అతన్ని ఓదార్చింది. "మీ తప్పేం లేదు సార్. సిగ్గుపడి ఆలస్యంగా వచ్చింది నేను."

వినీల్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"గడ్డ మొత్తం తీసేశామమ్మా. పరీక్షకు పంపాం, ఇంకేమైనా మందులు కావాలో లేదో అందులో తెలుస్తుంది. అది మూత్రనాళానికి అంటుకుపోయింది. చిన్న రంధ్రాల్లోంచే లాగితే నాళం తెగేది. అందుకే కోశాం. ఇది అప్పుడే వచ్చి చెప్పాల్సింది. ముఖం చెల్లక రాలేదు."

దేవకుమారి పొట్ట మీది కట్టును చేత్తో తడిమి చూసుకుంది.

"ఆ ఒక్క మాటకి ఇన్నాళ్లా బాబూ?" అంది సుగుణ. "అక్క పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనంటోంది."

దేవకుమారి కదిలింది. "కాస్త లేపవే" అని చెల్లెలి భుజం పట్టుకుని, పళ్లు బిగించి, కాళ్లు నేలకు ఆనించింది.

వరండాలోకి వచ్చాక కూడా వినీల్ తలెత్తలేకపోయాడు. "సిగ్గుగా ఉంది సార్" అన్నాడు.

"ఉండనీ" అన్నారు అహోబలరావు గారు. "దాన్ని వెంటబెట్టుకునే రేపు కూడా ఆ మంచం దగ్గరికి రా."