అంకె మీద బొట్టుబిళ్ల

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నూకరత్నం మెట్ల దగ్గర చెప్పులు విడిచి, చేతిలోని పాల ప్యాకెట్టు వంటింటి గట్టు మీద పెట్టి, మేడ మీది గదిలోకి వెళ్లింది. ముందుగా వచ్చే శిష్యులు పాలు తేవాలన్నది భీమిలిలో పేర్రాజు మాస్టారి ఇంటి పద్ధతి.

మాస్టారు ముప్పయ్యేళ్లు విమానాలు నడిపారు. మరో పదేళ్లు నడపడం నేర్పారు. ఇప్పుడు ఇంట్లోనే ఒక ఉత్తుత్తి విమానం కట్టుకున్నారు: మూడు కంప్యూటరు తెరలు, పాత బస్సులోంచి ఊడదీసిన డ్రైవరు సీటు, చేతులకు ఒక స్టీరింగు, కాళ్లకు రెండు పెడళ్లు. దాన్ని సిమ్యులేటర్ అంటారు. ఎవరేమడిగినా ఆయన సూటిగా జవాబు చెప్పరు. ఇంకేదో అడుగుతారు, లేదా ఏదో ఒక పని చేస్తారు. శిష్యులకు అది అలవాటే.

నూకరత్నానికి ఇరవై మూడేళ్లు. తండ్రి చేపల పడవ నడుపుతాడు. పైలట్ శిక్షణలో చేరాక మొదటి పరీక్ష తప్పింది. దించేటప్పుడు విమానాన్ని నేలకు బాదింది. పరీక్షకుడు కాగితం మీద ఒకే ఒక్క మాట రాశాడు: "బయటికి చూడడం లేదు." రెండో పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఈసారీ తప్పితే శిక్షణలో ఆమె చోటు వేరొకరికి ఇచ్చేస్తారు.

లోపం తన చేతిలో లేదనీ, సాధన చేసే తెరలో ఉందనీ ఆమె నమ్మింది. వారం కిందట తెర కుడి మూలన ఒక ఆకుపచ్చ అంకె వచ్చేలా పెట్టుకుంది. కంప్యూటరు సెకనుకు ఎన్ని బొమ్మలు గీసి చూపిస్తోందో అది చెబుతుంది. అంకె పెద్దదైతే దృశ్యం జారినట్టు సాగుతుంది. చిన్నదైతే కుదుపులు. మొదటి రోజు ఇరవై నాలుగు ఉంది. మబ్బులు తీసేస్తే ముప్పై ఒకటైంది. కొబ్బరిచెట్లు తీసేసింది: నలభై నాలుగు. ఇళ్లు, రోడ్డు మీది బళ్లు, రేవులో పడవలు పోయాక యాభై ఎనిమిది. చివరికి కెరటాలు కూడా తీసేసరికి డెబ్బై రెండు దగ్గర నిలిచింది. ఆ అంకెను చూస్తే ఆమెకు కడుపు నిండినట్టుండేది. సముద్రం నీలిరంగు పూసిన గచ్చులా మిగిలింది. దాని పక్కన రన్‌వే, పైన ఆకాశం. ఇంకేమీ లేవు.

ఆ ఉదయం ఏడుసార్లు దించింది. ఏడుసార్లూ నేలకు బాదింది.

మాస్టారు కాఫీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డారు.

"డెబ్బై రెండుకి తెచ్చాను మాస్టారూ. అయినా తగులుతూనే ఉంది. ఈ అంకె ఎంతుంటే నిజం విమానంలో ఉన్నట్టు?"

మాస్టారు ఒక గుక్క తాగి, "ఇప్పుడు గాలి ఎటునుంచి వీస్తోంది?" అన్నారు.

నూకరత్నం తెర మీద ఆ చివర నుంచి ఈ చివరకు వెతికింది. ఊగే ఆకు లేదు, లేచే పొగ లేదు, నీటి మీద ఒక్క ముడత లేదు.

"తెలీట్లేదు మాస్టారూ."

"ఈ మాట మీ అయ్య వింటే పడవెక్కనివ్వడు."

ఆయన గ్లాసు కింద పెట్టి గోడనున్న అద్దం దగ్గరికి వెళ్లారు. అద్దం అంచు పొడుగునా ఆయన భార్య లలితాంబ అతికించి ఉంచిన బొట్టుబిళ్లలున్నాయి. వాటిలో పెద్దది, మెరూన్ రంగుది, గోటితో తీసి తెచ్చి సరిగ్గా ఆకుపచ్చ అంకె మీద అతికించారు. అప్పుడే ఇడ్లీల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చిన లలితాంబ అది చూసింది.

"నా బొట్టు తీసి కంప్యూటరుకి పెట్టారా?"

"ఈ పిల్ల వారం నుంచీ దాన్నే చూస్తోంది. దిష్టి తగలదూ?"

లలితాంబ పళ్లెం పెట్టి నవ్వుకుంటూ వెళ్లిపోయింది. మాస్టారు నూకరత్నం వైపు తిరిగి, "తీసేసినవన్నీ మళ్లీ పెట్టు" అన్నారు.

"అంకె పడిపోద్ది మాస్టారూ."

"పడనీ."

కెరటాలు వచ్చాయి. పడవలు, బళ్లు, ఇళ్లు, చెట్లు, మబ్బులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అవి చాలవన్నట్టు మాస్టారు పలచని పొగమంచు, కొన్ని కొంగలు కూడా చేర్చారు. విమానం లేచింది.

కొంతసేపటికి గది కిటికీలోంచి వినబడే కెరటాల హోరు, తెర మీది కెరటాలదేనన్నట్టుంది. మంచు అడుగున ఇళ్ల కప్పులు నానినట్టు కనబడ్డాయి. ఒక కొంగ రెక్కలు చాచి ఆమెతో పాటే కాస్త దూరం వచ్చి, తనకేదో పనున్నట్టు పక్కకు వాలింది. నూకరత్నం మూలనున్న మెరూన్ చుక్క వైపు రెండుసార్లు చూసింది. మూడోసారి చూడడం మరచిపోయింది. కింద నీటి మీద నల్లని ముడతలు ఒక వారగా పరుగెత్తుతున్నాయి. ఆరేళ్ల వయసులో అయ్య పడవ మొనన కూర్చుని అలాంటివే చూసింది. ఆగ్నేయం నుంచి గాలి, ఇంకాసేపట్లో ఇంకొంచెం పెరుగుతుంది. ఆమెకెవరూ చెప్పలేదు. చేతులు వాటంతటవే విమానం ముక్కును గాలి వైపు కాస్త తిప్పాయి.

రన్‌వే దగ్గరపడింది. రెండు పక్కలా కొబ్బరి మట్టలు నెమ్మదిగా పైకి లేచి ఆమె చూపు ఎత్తుకు వచ్చాయి. ముక్కు ఎత్తింది. చక్రాలు ఎప్పుడు ఆనాయో తెలియలేదు. విమానం ఆగాక, ఆపింది తానేనని తెలిసింది.

"ఎంతుంది మాస్టారూ?" అంటూ బొట్టుబిళ్ల వైపు చెయ్యి చాపింది.

"ఉండనీ. ఇడ్లీలు చల్లారిపోతాయి."

తొమ్మిదో రోజున పరీక్ష జరిగింది. పరీక్షకుడు ఈసారి ఏమీ రాయలేదు. సంతకం పెట్టి కాగితం చేతికిచ్చాడు.

ఆ తర్వాత అయిదు రోజులకు నూకరత్నం పాల ప్యాకెట్టుతో వచ్చింది. తెర మూలన బొట్టుబిళ్ల అలాగే ఉంది. అది ఆమె తీయలేదు. కానీ ప్రతి ప్రయాణానికీ సిమ్యులేటర్ తనంతట తాను ఒక చిట్టా రాసుకుంటుందని ఆమెకు తెలుసు. బొట్టుబిళ్ల అతికించిన నాటి ఉదయపు చిట్టా తెరిచింది. సెకనుకు సగటున పంతొమ్మిది బొమ్మలు. చక్రాలు నేలకు ఆనిన నిమిషంలో పద్నాలుగు. ఆ తెర మీద ఆమె అంత తక్కువ ఎన్నడూ చూడలేదు.

రెండుసార్లు సరిచూసుకుని, మాస్టారికి చదివి వినిపించింది.

ఆయన కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటున్నారు.

"అలాగా. మరి ఆ నిమిషంలో నీళ్లెలా ఉన్నాయి?" అన్నారు.