అడ్డపొగ నక్కా, కాగులో కుందేలూ

ఏటిగట్టు పక్కన పొగాకు ఆరబెట్టే పాక ఒకటి ఉండేది. దాని వెనకవైపు పుల్లయ్య అనే ముసలి ఎద్దు, నల్లోడనే కుక్క, కాసిని కోళ్లు కాపురముండేవి. వాటి మధ్యకి కొత్తగా వచ్చింది తెల్లి అనే కుందేలు.

తెల్లి పట్నంలో పుట్టింది. మందులూ జబ్బులూ పరీక్షించే పెద్ద భవనంలో, ఇనుప గూట్లో. పక్క గూట్లో దాని అక్క ఉండేది. ఆ గూట్లోకి రబ్బరు గొట్టంతో సిగరెట్టు పొగ వదిలేవారు. పొగ ఆగాక అక్క వెనక్కాలితో గూటి అడుగున ‘టప్’మని కొట్టేది, బతికే ఉన్నానే చెల్లీ అన్నట్టు. తెల్లి కూడా ‘టప్’మనేది. కుందేళ్లకి ఉత్తరాలైనా పలకరింపులైనా అదే మరి. తెల్లి వంతు రాకముందే ఆ పరీక్షలు ముగిశాయి. మిగిలిన కుందేళ్లని అడిగినవాళ్లకల్లా ఇచ్చేశారు. అక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అందుకని రోజూ పొద్దు వాలే వేళ, పొగాకు ఘాటు గాలిలో కలవగానే, తెల్లి పట్నం రోడ్డువైపు తిరిగి కూర్చుని నేలమీద ఒక్క దెబ్బ కొట్టేది. చెవులు నిక్కించి వినేది. ఏటి చప్పుడు తప్ప ఇంకేం వినిపించేది కాదు.

“ఎవరి కోసమే ఆ కొట్టడం?” అనేవాడు పుల్లయ్య నెమరేస్తూ.

“మా అక్క వింటుందేమోనని, తాతా.”

పుల్లయ్య తనూ ఓసారి ఆ రోడ్డువైపు చూసి మళ్లీ నెమరేసేవాడు.

ఆ గట్టు కిందే జిత్తయ్య అనే నక్క ఉండేవాడు. కూలీలు పారేసిన చుట్టముక్కలు ఏరుకుని అడ్డపొగ తాగడం మరిగాడు. అడ్డపొగ అంటే, చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. గాలికి ఆరదు, చీకట్లో నిప్పు కనబడదు. కోళ్ల దొంగకి అంతకన్నా ఏం కావాలి?

కానీ నల్లోడి ముక్కు గట్టిది. అందుకు జిత్తయ్య ఒక ఉపాయం పన్నాడు.

“అల్లుడూ, కాపలా కాసీ కాసీ నీరసించిపోయావు. ఒక్క దమ్ము లాగు, దగ్గూ పడిశమూ దగ్గరికి రావు.”

“నిజమా మామా?”

“మీ అత్త మీద ఒట్టు.”

నల్లోడు లాగాడు. మర్నాడూ లాగాడు. వారం తిరిగేసరికి వాడి ముక్కుకి కోడి వాసనకీ నక్క వాసనకీ తేడా తెలియకుండా పోయింది. ఒక పెట్ట మాయమైంది. రాత్రుళ్లు నల్లోడు దగ్గుతుంటే తెల్లికి నిద్ర పట్టేది కాదు. ఆ దగ్గు దానికి తెలుసు. గొట్టం తీసేశాక అక్క అలాగే దగ్గేది.

“నల్లోడా, మానెయ్యరా,” అంది తెల్లి. “మా అక్కకి పట్టిన దగ్గే ఇది.”

నల్లోడికి చుట్ట అందించడానికి వచ్చిన జిత్తయ్య నవ్వాడు. “ఎక్కడో పట్నంలో ఎవత్తో దగ్గితే మాకు రుజువా? ఇక్కడే పరీక్ష పెడదాం. అదిగో, చిల్లుకాగు బోర్లించి ఉంది. అందులో నువ్వు కూర్చో, చిల్లులోంచి నేను పొగ ఊదుతాను. నీకు దగ్గొస్తే నేనూ మానేస్తా, వీడూ మానేస్తాడు. పదిమంది మేలుకోసం ఒకరు కష్టపడితే తప్పేముంది కోడలుపిల్లా? నువ్వు పుట్టిందే అందుకు.”

పుల్లయ్య నెమరు ఆపాడు. “నాకు గొంతువాపు రాకుండా ఏటా సూదేస్తారు. ఆ మందు కూడా ఏ మూగజీవి మీదో చూశాకే నాదాకా వచ్చి ఉంటుంది. ఆ రుణం కాదనలేను. అలాగని ఇది ఒప్పుకోనూ లేను. ఏమనాలో నాకే తెలీడంలేదమ్మా.”

“నీ సూది మీద నాకు కోపం లేదు తాతా,” అంది తెల్లి. “ఆ జబ్బుకి దారేదో అప్పుడు తెలీదు, వెతికారు. పొగజబ్బుకి దారి తెలిసిపోయింది. అంటించకపోతే చాలు. అది తెలియడానికి మా అక్క సరిపోలేదా?”

“మాటలొద్దు, పరీక్ష కావాలి,” అన్నాడు జిత్తయ్య. “స్పృహ తప్పితే భయపడకు, నేనే నోట కరుచుకుని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తాను.”

తెల్లి కాసేపు కాగు వంక చూసింది. కింద నేల మెత్తటి ఇసుక.

“సరే. ఒక్క షరతు. లోపల నేను ‘టప్’మనేదాకా నువ్వు ఊదుతూనే ఉండాలి. ఆపితే ఓడినట్టే.”

“ఓస్, అంతేనా?”

జిత్తయ్య అంచు ఎత్తిపడితే తెల్లి కాగులోకి దూరింది. జిత్తయ్య చుట్ట అంటించి, నిప్పు నోట్లో పెట్టుకుని ఊదాడు. అడ్డపొగ తాగేవాళ్లు నెమ్మదిగా లాగి నెమ్మదిగా వదులుతారు. జోరుగా ఊదితే నిప్పు రాజుకుంటుంది, అదీ అంగిట్లో. జిత్తయ్య ఊదుతున్నాడు, చెవి వొగ్గుతున్నాడు. చప్పుడు లేదు. మళ్లీ ఊదాడు. కళ్లు ఎర్రబడ్డాయి, నాలుక చుర్రుమంది. తెల్లి ఇంకా ‘టప్’మనదేమిటా అని మరింత గట్టిగా ఊదాడు. చివరికి చుట్ట ఉమ్మేసి, నేలమీద దొర్లుతూ దగ్గాడు. దగ్గులోనే కేక పెట్టాడు.

“చూశారా... లోపల... ఒక్క దగ్గూ లేదు! పొగ... మంచిదే!”

అప్పుడు వెనకనుంచి వినిపించింది, ‘టప్’.

తెల్లి పుల్లయ్య కాళ్ల మధ్య ఒంటినిండా ఇసుకతో కూర్చుని ఉంది. పుల్లయ్య కొమ్ముతో కాగు ఎత్తాడు. లోపల పొగా, బయటికి తవ్విన బొరియా.

“నేను లోపల లేనే లేను మామా. మరి దగ్గుతున్నదెవరు?”

నల్లోడు ఒక్క ఉరుకు ఉరికాడు. జిత్తయ్య గట్టు ఎక్కలేకపోయాడు, నల్లోడు గట్టు దాకా పోలేకపోయాడు. ఇద్దరూ చెరోచోట కూలబడి ఒగర్చారు. ఎదుటివాడి దగ్గులో తన దగ్గు విన్నాక నల్లోడు మళ్లీ చుట్ట ముట్టలేదు. నెమ్మదిగా వాడి ముక్కు దారిలో పడింది. జిత్తయ్యకి మాత్రం అంగిట పుండు మానలేదు. ఊళ వేస్తే గాలే తప్ప గొంతు రాలేదు. కోళ్ల వాసన దూరంనుంచి పీల్చుకోవడమే మిగిలింది.

ఆ సాయంత్రం తెల్లి మళ్లీ పట్నం రోడ్డువైపు తిరిగి కూర్చుంది. ‘టప్’మంది. చెవులు నిక్కించింది.

వెనకనుంచి, ముసలి గిట్టతో, నేల అదిరేలా ‘ధబ్’మని ఒక్క దెబ్బ.

తెల్లి వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం మెల్లగా వాల్చింది.

ఒకరు ప్రాణం పెట్టి నేర్పిన పాఠానికి మళ్లీ రుజువు అడిగేవాడు వెతికేది సాకునే.