సముద్రం దాకా నడిచిన ఎద్దు

నువ్వుల గానుగ ఉన్న ఒక రైతు పాకలో రెండెద్దులూ ఒక మేకపోతూ ఉండేవాళ్లు. ఎద్దుల పేర్లు మైలడు, పుల్లడు. ఆరేళ్లుగా ఒకే కాడి కింద దున్నిన జోడీ. మేకపోతుకేమో మూరెడు గడ్డం. ఆ గడ్డం చూసి, వాడికి చాలా తెలుసని అందరూ అనుకునేవాళ్లు. గడ్డానికీ తెలివికీ ఏం సంబంధమో మరి.

ఆ వేసవిలో దుక్కి పని లేదు. మైలడు తిన్నాడు, పడుకున్నాడు, లేచి మళ్లీ తిన్నాడు. నడిస్తే గంగడోలు మోకాళ్లకి కొట్టుకునేటంత ఒళ్లు వచ్చింది. రైతు చూసి పెదవి విరిచాడు.

"తొలకరికి వీడు నాగలి లాగకపోతే సంతకి తోలేస్తాను. అందాకా గానుగకి కడదాం, ఒళ్లైనా తగ్గుతుంది."

ఆ మాట విని పుల్లడు మేత ముట్టలేదు. జోడు పోతే తనకి మిగిలేదేముంది?

గానుగ తిప్పే ఎద్దుకి కళ్లు తిరగకుండా గంతలు కడతారు. మైలడికీ కట్టారు. మొదటి రోజు పొద్దు వాలేసరికి కడుపు నకనకలాడింది. దాంతోపాటే ఒక సందేహమూ పట్టుకుంది.

"పుల్లడు బావా, ఒళ్లు తగ్గడానికి కదా నడిచాను. ఇప్పుడు తింటే నడిచిందంతా దండగ కాదూ? తినకపోతే రేపు కాళ్లు లేవవు. తినాలా, మానాలా?"

"ఆకలేస్తే తిను. తీరగానే ఆపు."

"తీరినట్టు నాకు ఎప్పుడు తెలిసింది గనక!"

మేకపోతు గడ్డం ఊపుకుంటూ వచ్చాడు. "ఒరేయ్ మైలా, మీ బావకేం తెలుసురా? నడిచే కొద్దీ లోపలున్నది కరిగిపోతుంది. కరిగింది మళ్లీ పోసుకోకపోతే డొల్లయిపోతావు. కోసు దూరానికి, గానుగలో నూనె పోగా మిగిలిన తెలగపిండి గంపెడు తిను. సరికి సరి."

"ఎన్ని కోసులు నడిచానో నాకేం తెలుసు మావా? కళ్లకి గంతలాయె."

"నాకు కళ్లున్నాయి కదరా!"

మర్నాటి నుంచీ మేకపోతు తెలగపిండి బస్తా ఎక్కి కూర్చుని కేకలేసేవాడు.

"ఏటి వంతెన దాటావు! ఇదిగో, మల్లెతోటలోకి వచ్చావు!"

"అవును మావా, వాసన కూడా తగులుతోంది!"

అది పాక వెనక పనిచేసుకుంటున్న రైతు భార్య జడలో పూల వాసన.

"అలిసిపోయావు, కాస్త ఆగరా."

మైలడు ఆగేవాడు. సాయంత్రానికి ఏడు కోసులయ్యేవి, ఏడు గంపలయ్యేవి. అందులో రెండు గంపలు, పిండి మంచిదో కాదో రుచి చూడాలంటూ మేకపోతే మెక్కేవాడు. రైతు పొలంలో గట్లు వేసుకునే పనిలో ఉండి ఇదేదీ చూడలేదు.

పదిహేను రోజులకి మైలడి మెడపట్టీ తెగి కింద పడింది.

"నడిచినంతే తింటున్నాను. మరి ఈ పొట్ట ఎక్కడిది మావా?"

"అది పొట్ట కాదురా, నడిచి నడిచి వచ్చిన వాపు."

మైలడు నమ్మాడు. నమ్మినా లోపల తికమకగానే ఉంది. ఆ రోజే పుల్లడు గానుగ దగ్గరికి వచ్చాడు.

"నిన్న ఎందాకా వెళ్లావు బావా?"

"సముద్రం దాకా! అలల చప్పుడు నా చెవులతో విన్నాను."

పుల్లడు కొమ్ము కొసతో గంతలు పైకి నెట్టాడు. మైలడు చూశాడు. ఎదురుగా గానుగ రోలు. దాని చుట్టూ తన గిట్టలే తొక్కిన బాట. పాక వెనక రైతు భార్య నువ్వులు చెరుగుతోంది. చేట చప్పుడు హుష్షు, హుష్షుమంటోంది.

"అయితే నేను నడవనే లేదా?"

"నడిచావు. ఈ రోలు చుట్టూ, పది చుట్లకోసారి ఆగుతూ."

"మరి తిన్నది?"

"తినడం మాత్రం సముద్రం దాకా తిన్నావు."

మైలడికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు కానివ్వాలో తెలియలేదు.

మర్నాడు గంతల కిందనుంచే మైలడు పలికాడు. "మావా, ఇవాళ నేను ఆగను. పాపం, నువ్వు ఇంత దూరం అరుచుకుంటూ వచ్చావు. నీ గొంతు ఎంత కరిగిందో! అయిదు గంపలు నువ్వు తిను. నాకు రెండు చాలు."

మేకపోతు తిన్నాడు. రెండో రోజూ తిన్నాడు. మూడో రోజుకి పొట్ట డోలులా ఉబ్బి, నాలుగు కాళ్లూ చాపి పడిపోయాడు. పశువుల డాక్టరు వచ్చి నూనె పట్టించి, "ఈ మూతికి చిక్కం కట్టండి. పూటకి గుప్పెడు ఆకు మించి పెట్టొద్దు" అన్నాడు. రైతు తాళ్లతో అల్లిన చిక్కం తెచ్చి మూతికి బిగించాడు.

నెల తిరిగింది. తొలకరి పడింది. మైలడు నాగలి లాగాడు, రొప్పాడు, నిలబడ్డాడు, మళ్లీ లాగాడు. మడి చివరికొచ్చాక రైతు వాడి వీపు చరిచి, "ఉండనీ వీణ్ణి" అన్నాడు. పుల్లడు తన మెడ వాడి మెడకి ఆనించాడు.

"బావా, ఇవాళ నిజంగానే నడిచాం కదా. నడిచినంతా తినొచ్చా?"

"ఆకలిగా ఉందా?"

"ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది."

"ముందు నీళ్లు తాగు. అప్పటికీ ఉంటే ఆకలే."

మైలడు తాగాడు. గంపలో సగం తిని, ఆగి, ఆలోచనలో పడ్డాడు. గట్టు మీద మేకపోతు చిక్కంలోంచి ఏదో గొణిగాడు.

"ఏమంటున్నాడు బావా? తినమనా, వద్దనా?"

"వాడి సంగతి వదిలెయ్. నీ కడుపేమంటోంది?"

మైలడు చెవులు నిక్కబొడుచుకుని తన కడుపు చెప్పేది వినడానికి చూశాడు.

నీతి: మన నడకని ఇంకొకరి నోటితో కొలిపించుకుంటే, మన ఆకలి మనకే అంతుపట్టకుండా పోతుంది.