గానుగ గెలిచిన నక్క

కొండ దిగువన ఎలుగుబంటి గవరయ్యకో నువ్వుల గానుగ ఉండేదండీ. కాడి లాగేది ఎద్దు లింగన్న, నువ్వులు పోసేది కోతి చిట్టెమ్మ. ఆ కొండకంతటికీ పెద్ద ఏనుగుదొర. ఆయనగారి ఒంటికి ప్రతి సంతరోజూ బానెడు నూనె పట్టాలి. అంత ఒళ్ళు మరి, చెంబుతో అయ్యే పనా! నూనె అందకపోతే గానుగ చేయి మారిపోతుంది.

ఆ గానుగ మీద నక్క సంజీవులు కన్ను పడింది. ఒళ్ళు వంచకుండా నీడన కూర్చుని "షావుకారుగారూ" అనిపించుకోవాలని వాడి ఆశ. పని సవ్యంగా సాగినంతకాలం అది తీరదు కదా! అందుకని ఒక సంత మర్నాడు పొద్దున్నే, గవరయ్య నువ్వులు తేవడానికి వెళ్ళడం చూసి, కుండెడు ఇప్పసారా నెత్తిన పెట్టుకుని దిగాడు.

"ఏం లింగన్న మావా, మెడ కాయలు కాసిందే! ఒక్క గుక్క వేసుకో, రెండింతల పని చేస్తావు."

"ఊరికేనా?"

"మావకి లెక్కలేంటి!"

"మరి నాకో?" అంది చిట్టెమ్మ.

"నీకు పొయ్యకపోతే నా కళ్ళు పోవూ!"

ఇంకేముంది! లింగన్న కళ్ళకి గంతలతో కాడి కింద నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. తల గిర్రున తిరుగుతుంటే తానే తిరుగుతున్నాననుకున్నాడు పాపం! "అబ్బ, ఏం వేగం! తప్పుకోండర్రోయ్!" అని కేకలు. చిట్టెమ్మేమో గానుగ రోలనుకుని అతని చెవిలో నువ్వులు పోసి, నూనె ఎప్పుడు కారుతుందా అని ముక్కు కింద బాన పట్టుకు కూర్చుంది.

సంత దాకా ఇదే వరస. రోజూ గవరయ్య అటు వెళ్ళడం, ఇటు కుండ రావడం. ఏనుగుదొర వచ్చి బానలో తొండం పెట్టాడు, తీశాడు, తుమ్మాడు.

"వీళ్ళకెవరో సారా పోస్తున్నారు దొరా," అన్నాడు గవరయ్య.

"పోసిందెవరని కాదు, నూనేదీ?" అని దొర, "బానెడు నేనిస్తా" అంటూ ముందుకొచ్చిన సంజీవులుకి గానుగ ఇచ్చేశాడు. వాడికి తన తోక తానే తొక్కుకునేంత సంబరం!

గవరయ్య వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు. "కొండ కట్టుబాటు తెలుసుగా నాయనా. వారమంతా ఆగకుండా ఇచ్చిందల్లా మామూలే. గానుగ పుచ్చుకున్నవాడు పనివాళ్ళ మామూళ్ళు కూడా జరపాలి."

"దానికేముంది బాబాయ్!"

మర్నాడు సంజీవులు కాలు మీద కాలేసుకుని, "ఊఁ, కానీండి" అన్నాడు.

"కుండేదీ?" అన్నాడు లింగన్న.

"ఏ కుండ?"

"మా మామూలు కుండ. నువ్వు పెట్టిందేగా!"

"ఒరే, అది పని..." చెడగొట్టడానికి తెచ్చానురా అనబోయి నాలుక కరుచుకున్నాడు సంజీవులు. ఎలా చెప్తాడు!

కుండ తెచ్చాడు. లింగన్న తాగి, నిలబడ్డచోటే పరుగులు తీశాడు. ఆ మర్నాడు తేలేదు. లింగన్న కాళ్ళు వణుకుతున్నాయని పడుకున్నాడు. చిట్టెమ్మ తలనొప్పని తలకిందులుగా వేలాడుతూ వాణ్ణి ఏడు తరాల దాకా తిట్టింది. పోస్తే తిరగరు, పొయ్యకపోతే లేవరు! కుడితిలో పడ్డ ఎలకయ్యాడు సంజీవులు. సంత దగ్గరపడుతోంది. దొర కాలు గుర్తొచ్చి, చివరికి కాడి తన మెడకే తగిలించుకున్నాడు. గానుగ తిప్పే దూలం మీద బరువుకని లింగన్నే ఎక్కి కూర్చున్నాడు.

"మెల్లిగా అల్లుడూ! నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

సంతరోజుకి బాన అడుగున గరిటెడు నూనె తేలింది. గవరయ్యని వెంటబెట్టుకుని వచ్చిన దొర ఒక చెవికి రాసుకున్నాడు, రెండో చెవికి చాల్లేదు. కోపంగా కాలెత్తి, కాడి కింద నక్కని చూసి ఆగిపోయాడు. "మాకు సారా కుండ అలవాటు చేసిందీ వీడే, ఆపేసిందీ వీడే దొరా!" అంది చిట్టెమ్మ.

"గవరయ్యా, గానుగ నువ్వే తీసుకో. వీడు యజమానిగా పనికిరాడు గాని ఎద్దుగా ఫరవాలేదు. వాళ్ళిద్దరికీ మత్తు వదిలి ఒళ్ళు కుదుటపడేదాకా వీడే లాగుతాడు."

"ఎన్నాళ్ళు పడుతుంది దొరా?" అన్నాడు సంజీవులు ఏడుపు గొంతుతో.

"నన్నడుగుతావేం? పోసినవాడివి నువ్వు."

గవరయ్య దూలమెక్కి, లింగన్నని కాస్త జరగమని పక్కనే సర్దుకున్నాడు. దూలం మూలిగింది. దాని కింద నక్క అంతకంటే గట్టిగా మూలిగింది.

నీతి: పనిచోట మత్తు పోసినవాడు, ఆ పని తన మెడతోనే లాగాలి.